రోకలిబండలను తర్వాత తిట్టుకోవచ్చు, ముందు దుంప కోసి చూడండి

సందేహం: మా రెండెకరాల పసుపు చేను కవ్వాల్ అడవిని ఆనుకుని ఉంది. ఆగస్టు వానలకు అడవిలోంచి రోకలిబండలు (వేయికాళ్ల పురుగులు) గుంపులుగా వచ్చి దుంపలు తినేస్తున్నాయి. ఆకులు పసుపు రంగుకు తిరిగి మొక్కలు వాలిపోతున్నాయి. మందుల షాపులో ఎకరాకు నాలుగు కిలోల ఫోరేట్ గుళికలు ఇచ్చి, అడవి గట్టు మీది ఆకుచెత్తలో కూడా చల్లమన్నారు. చల్లమంటారా?
– ఒక రైతు, కడెం, నిర్మల్ జిల్లా

సమాధానం: చల్లకండి. మీ చేనుకు వచ్చింది దుంపకుళ్లు. మీరు పంపిన ఫొటోలో కాండం మొదలు నీళ్లలో నానినట్టు మెత్తబడింది. ఆ మొక్కను పట్టి లాగండి, మొవ్వు చేతికి ఊడి వస్తుంది. దుంప నొక్కితే ముద్దవుతుంది, కంపు కొడుతుంది. రోకలిబండ వచ్చేది ఆ కుళ్లు కోసమే. లేత మొలకలను, పగిలిన దుంపలను కొరికితే కొరకొచ్చు గానీ గట్టి దుంప జోలికి పోవడం తక్కువ. పక్కనున్న పచ్చటి మొక్కను తవ్వి చూడండి, మీకే తెలుస్తుంది.

ముందు కాలువలు తీసి నిలిచిన నీరు బయటికి పంపండి. లీటరు నీటికి 2 గ్రా. మెటలాక్సిల్ + మాంకోజెబ్ మిశ్రమం (శిలీంధ్రాలను చంపే మందు) కలిపి, జబ్బు మొక్కలతో పాటు చుట్టుపక్కల వాటి మొదళ్లు కూడా బాగా తడిసేలా పోయండి. 15 రోజులకు మరోసారి. కుళ్లును అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను దీంతో కలపొద్దు, చచ్చిపోతుంది. రెండోసారి మందు పోశాక ఇంకో 15 రోజులు ఆగి, 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో నీడలో వారం పది రోజులు మాగబెట్టి వేసుకోండి. దుంపలో కాళ్లు లేని తెల్ల పురుగులుంటే అది దుంప ఈగ. దానికి ఎకరాకు 200 కిలోల వేపపిండి.

ఫోరేట్ మీద 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం ఉంది. అమ్మిన వాణ్ణి బిల్లు అడిగి చూడండి, ఇవ్వడు. పైగా కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. గట్టు మీద గుళికలు ఏరుకు తిని నెమలి చస్తే ఫారెస్టు వాళ్లు వచ్చేది మీ ఇంటికి, షాపుకు కాదు.

ఇంకోమాట, రోకలిబండలు మీ పసుపు మీద పడటానికి అడవి దాటి రాలేదు. వాటి ఒంట్లో తేమ నిలవదు, అందుకే వేసవంతా టేకాకు కింద, మట్టిలో దాక్కుంటాయి. వానలు పడగానే బయటికొచ్చి జతకట్టి మట్టిలోనే గుడ్లు పెడతాయి. గరుకు టేకాకు అంత తేలిగ్గా చివకదు. చివికిన ఆకును ఇవి నమిలి చిన్న పెంటికలుగా వదులుతాయి, మిగతా పని శిలీంధ్రాలు, బ్యాక్టీరియా చేస్తాయి. పశ్చిమ కనుమల్లో గోలీలా ముడుచుకునే రకంతో మంగళూరు విశ్వవిద్యాలయం వాళ్లు ఏకంగా ఎరువే తయారు చేసి చూశారు. మీ గట్టు పక్క మట్టి నల్లగా, గుల్లగా ఉందంటే అందులో వీటి చాకిరీ కూడా ఉంది.

ఇవి కుట్టవు. కరిచేది జెర్రి, దాని ఒంట్లో ఒక్కో ఖండానికి ఒక్క జత కాళ్లే. రోకలిబండకు చాలా ఖండాల్లో రెండేసి జతలు. పట్టుకుంటే చుట్ట చుట్టుకుని ఘాటైన ద్రవం వదులుతుంది, వేలికి గోధుమరంగు మరక పడుతుంది. ఆ చేత్తో కన్ను నలపకండి, కడుక్కోండి. మొదళ్ల దగ్గర మరీ ఎక్కువుంటే ఆకుచెత్త కప్పును జానెడు దూరం జరపండి, చాలు.

ఈ చేనులోంచి విత్తనం మాత్రం ఉంచుకోకండి.