పారబోసిన టమోటా చూసి పాప కోర్సు ఎంచకండి

పలమనేరు దగ్గర నుంచి ఒక రైతు రాశారు: "ఈసారి కోత కూలి, బాడుగ కూడా రాక టమోటా రోడ్డు పక్కన పారబోసినాం. మిగులు కాయల నుంచి యాంటీఆక్సిడెంట్లు తీస్తే కోట్లు వస్తాయని వీడియోలో చూశాను. పాప ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బయోటెక్నాలజీలో మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు కట్టమంటున్నారు. అదే చేర్పించాలా, ఫుడ్ టెక్నాలజీనా, కెమికల్ ఇంజినీరింగా?"

అన్నా, మండీలో ధర పడినప్పుడల్లా తిరుపతిలో నా దగ్గరికి ఈ ప్రశ్న వస్తుంది. నిరుడు మామిడి తొక్క అన్నారు, ఇప్పుడు టమోటా. మీరు పడిన నష్టం పాప పడకూడదన్నదే మీ బాధ అని నాకు తెలుసు. అందుకే ముందుగా ఒక మాట. శ్రద్ధగా చదివే పిల్లకు ఈ మూడింటిలో ఏ దారిలోనైనా బతుకు ఉంది. ఈ ఒక్క సీటు జారిపోతే అంతా పోతుందని రాత్రిళ్లు నిద్ర మానుకోవద్దు.

ఇక ఆ వీడియో సంగతి. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే యాంటీఆక్సిడెంట్ (కణాలు దెబ్బతినకుండా ఆపే పదార్థం) గురించే ఈ సందడంతా. కాయలో నూటికి 94, 95 పాళ్లు నీళ్లే. 100 గ్రాముల పండులో లైకోపీన్ సుమారు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. టన్ను కాయలు తెచ్చి, రవ్వంత పోకుండా తీసినా చేతికొచ్చేది 30 నుంచి 50 గ్రాములు. ఆ కాస్త తీయడానికి ఇథైల్ అసిటేట్ లాంటి ద్రావకాలో, ఎక్కువ ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ పంపే యంత్రాలో కావాలి. తీశాక గాలి, వెలుతురు, వేడి తగిలితే చెడిపోతుంది. పైగా అది ఎక్కువగా ఉండేది తొక్కలో. అందుకే పేస్టు, సాస్ ఫ్యాక్టరీల్లో మిగిలే తొక్కతో ఈ పని గిట్టుతుంది గానీ, తోటలో మిగిలిన నిండు కాయతో కాదు. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు అలాంటి యూనిట్‌కు కాయ ఎవరు పోస్తారు? మీరు పోసేవారా?

అడిగారు కాబట్టి కోర్సుల తేడా క్లుప్తంగా చెప్తాను. ఇలా వేరుచేసి తీసే పని కెమికల్ ఇంజినీరింగ్‌కు దగ్గర. పండు చెడకుండా ఆపడం, పొడి, పేస్టు చేయడం ఫుడ్ టెక్నాలజీ. బాపట్ల, పులివెందులలో రంగా వ్యవసాయ వర్సిటీ కాలేజీలున్నాయి. బయోటెక్నాలజీలో బీటెక్‌తో ఆగితే చాలామందికి మంచి ఉద్యోగం కష్టమే, పైచదువు తప్పదు. అప్పు చేసి ఆ సీటు కొనడం నాకు ఇష్టం లేదు.

ఇంకో మాట, కోపగించుకోవద్దు. పేజీన్నర ఉత్తరంలో పాపకు ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. మండీలో పోయిన డబ్బు రాబట్టే బరువు ఇంటర్ చదివే పిల్ల నెత్తిన పెడతారా? అది తప్పన్నా.

పాపతో ఒక పని చేయించండి. టమోటా తొక్కలు నీడలో ఆరబెట్టి పొడి కొట్టి, కొంత నీళ్లలో, కొంత గోరువెచ్చటి నూనెలో వేయమనండి. నూనె నారింజ రంగుకు తిరుగుతుంది, నీళ్లకు ఆ రంగు పట్టదు. ఆ నూనెనే రెండు గాజు సీసాల్లో పోసి ఒకటి కిటికీలో ఎండకు, ఒకటి బీరువాలో కొన్నాళ్లు ఉంచమనండి. ఎండలో పెట్టింది ఎందుకు వెలిసిపోతోందని తనకు తానుగా అడిగిందంటే, ఈసారి నాకు ఉత్తరం పాపనే రాయమనండి. అంతదాకా ఆ అడ్వాన్సు కట్టొద్దు.