మూత్రాశయ క్యాన్సర్ పరిశోధనకి వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

మూత్రాశయ క్యాన్సర్ మీద పరిశోధనకి భువనేశ్వర్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ల్యాబ్‌లో ఎలకల పనీ, వార్డులో రోగుల పనీ రెండూ ఉంటాయట. విన్న దగ్గర్నుంచి ఒక పక్క గర్వం, ఇంకో పక్క టెన్షన్. ఇన్నేళ్లు పాథాలజీలో మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని, ఊరుకోలేను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ వేరే పని చేసుకుంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఎలకల సంగతి. ఎలకల్లో క్యాన్సర్ తెప్పించడానికి మీ గైడు వాడేది బీబీఎన్ అనే నైట్రోసమీన్ రసాయనం అని విన్నాను. తాగే నీళ్లలో కలిపి వారాల తరబడి ఇస్తే క్యాన్సర్ మూత్రాశయంలోనే వస్తుంది, అందుకే చాలామంది దాన్నే ఎంచుకుంటారు. సీసాలు నువ్వు జాగ్రత్తగానే పట్టుకుంటావు. నా భయమంతా బోనులో పరిచే రంపపు పొట్టు గురించి. ఎలక తాగిన మందు శరీరంలో మారి ఉచ్చలో బయటికొస్తుంది. ఆ పొట్టు దులిపితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము పీలుస్తావు. ఎవరో హెల్పర్ చేస్తాడులే అని వదిలేయకు, అతనికీ ఊపిరితిత్తులున్నాయి. పొట్టు తీసేది గాలిని లాగేసే హుడ్ కిందే. రెండు జతల గ్లౌజులు, మాస్కు తప్పదు. "ఒక్కసారికేం కాదులే" అంటూ హెల్మెట్ లేకుండా గోపాలపురం దాకా బండి మీద వెళ్లిన పిల్లవి నువ్వు. ఆ మాట ఈ గదిలో అన్నావంటే మీ గైడుకి నేనే ఫోన్ చేస్తాను.

ఎలక చెప్పిందల్లా మనిషికి వర్తించదని కూడా గుర్తుంచుకో. రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో ఈ గడ్డలు ఎక్కువని ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. దాన్ని జంతువులో చూపించడానికి 1938 దాకా పట్టింది. విల్‌హెల్మ్ హ్యూపర్ 2-నాఫ్థైలమీన్ అనే రంగుల రసాయనం ఇచ్చి కుక్కల్లో చూపించాడు. చక్కెర బదులు వాడే శాకరిన్ విషయం దీనికి తిరగబడింది. మగ ఎలకల్లో గడ్డలు వచ్చాయని ఏళ్ల తరబడి దాన్ని అనుమానించారు, తీరా చూస్తే అది ఎలక మూత్రంలో మాత్రమే జరిగే తంతు. 2000లో అమెరికా తన క్యాన్సర్ కారకాల జాబితా నుంచి దాన్ని తీసేసింది.

ల్యాబ్‌లో పెంచే కణాల పని మొదలుపెట్టే ముందు, అవి నిజంగా ఏ కణాలో డీఎన్‌ఏ చూసి తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించు. మూత్రాశయ కణాలే అనుకుని లోకమంతా వాడిన కేయూ7 నిజానికి గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చిన హీలా కణాలని 2013లో తేలింది.

ఇక అసలు చెప్పాలనుకున్నది మీ తాతయ్య గురించి. ఆయన్ని నువ్వు ఫొటోలో తప్ప చూడలేదు. ఏ జబ్బుతో పోయారో మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పి ఉండదు, దానికి ఆ మాటెత్తితేనే ఏడుపొస్తుంది.

ఒకరోజు ఆయనకి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. వేడి చేసిందన్నారు ఇంట్లో. బార్లీ నీళ్లు తాగారు, రెండు రోజుల్లో తగ్గింది. కొన్ని నెలలకి మళ్లీ వస్తే ఒక డాక్టరు ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాశాడు. మళ్లీ తగ్గింది. ఈ గడ్డ నుంచి కారే రక్తం మందు వేసినా, వేయకపోయినా తరచుగా తనంతట తానే ఆగుతుంది. అలా ఆగడాన్నే అందరూ నయమవడం అనుకున్నారు. మూడోసారి రక్తం గడ్డలు గడ్డలుగా పడితే అప్పుడు మూత్రాశయంలోకి గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ చేసి, గొట్టం ద్వారా క్యాన్సర్ గడ్డని గీకి తీశారు. ముక్కలు ఒక ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లాయి. "కండరంలోకి వ్యాపించినట్టు కనిపించలేదు" అని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

ఆ స్లైడ్లు తర్వాతెప్పుడో తెప్పించి నేను చూశాను. ఆ ముక్కల్లో అసలు కండరమే లేదు, అమ్మలూ! లేని కండరంలో వ్యాధి ఎలా కనిపిస్తుంది? "కండరం నమూనాలో లేదు, చెప్పలేం" అని రాసి ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ గీకి చూసేవాళ్లు. వ్యాధి కండరంలోకి దిగిందా లేదా అన్నదాని మీదే చికిత్సంతా ఆధారపడి ఉంటుంది. దిగకపోతే గీకేసి, మూత్రాశయం లోపలికి బీసీజీయో మైటోమైసినో మందు ఎక్కిస్తారు. దిగితే కీమో ఇచ్చి మూత్రాశయం తీసేయాలి, కొందరికి రేడియేషన్. ఆ ఒక్క వాక్యంతో మాకు నెలలు పోయాయి. ఈలోగా గడ్డ మూత్రనాళాలకి అడ్డం పడి కిడ్నీలు ఉబ్బాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. ఈ కీమోలో ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్ ఇవ్వాలంటే కిడ్నీలు బాగుండాలి. ఇవ్వలేమన్నారు. మందు ఉంది, డబ్బు కూడా ఎలాగో సర్దాం, ఎక్కించే దారి లేకపోయింది. నాన్న నన్ను "నువ్వు డాక్టరువి కదా, ఏదో ఒకటి చెయ్యమ్మా" అని అడిగారు. ఆ మాట ఇన్నేళ్లకీ నన్ను వదల్లేదు.

కాబట్టి నీ స్టడీలోకి ఒక బ్లాక్ (మైనంలో పెట్టిన గడ్డ ముక్క) తీసుకునే ముందు అందులో కండరం ఉందో లేదో చూడు. రిపోర్టు చదివి సరిపెట్టుకోకు, స్లైడ్ చూడు. ప్రతి రోగికీ మొదటి రోజు క్రియాటినిన్ రాసుకో. మూత్రాశయం తీసే ముందు సిస్‌ప్లాటిన్ కలిసిన ఎంవ్యాక్ అనే కీమో మూడు సైకిళ్లు ఇచ్చిన ట్రయల్ 2003లో వచ్చింది. మధ్యస్థ ఆయుష్షు 77 నెలలు, ఆపరేషన్ ఒక్కటే చేసిన వాళ్లకి 46. ఆపరేషన్ నాటికి 38 శాతం మందిలో గడ్డ ఆనవాలే లేదు. మిగతా వాళ్లకి ఎందుకు పనిచేయలేదన్నది నువ్వు పట్టుకోదగ్గ ప్రశ్న. ఇప్పుడు ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే కొత్త మందులు కలిపి ఇస్తే ముదిరిన వ్యాధిలో కీమో కంటే బాగా పనిచేస్తోంది, సిస్‌ప్లాటిన్ ఇవ్వలేని వాళ్లకీ ఇస్తున్నారు. మన గంజాం, రాయగడ జిల్లాల మనుషులు ఆ ఖర్చు ఎక్కడ భరిస్తారు? సిస్‌ప్లాటిన్ ఎవరికి పనిచేస్తుందో ముందే తెలిస్తే మన వాళ్లకి అదే పెద్ద మేలు.

ఇంకొకటి. నాన్న కేస్ షీట్‌లో వృత్తి దగ్గర "వ్యాపారం" అని ఉంది. అప్పటికి కిరాణా కొట్టు నడిపేవారు, నిజమే. కానీ వయసులో ఉండగా మగ్గాల వీధిలో పట్టు నూలుకి రంగులు అద్దేవారు. బీడీ ఎప్పుడూ మానలేదు. రంగు వల్ల వచ్చిందో, బీడీ వల్ల వచ్చిందో నేను చెప్పలేను, కానీ రెండూ ఎవరూ అడగలేదు. ఈ జబ్బు దశాబ్దాల తర్వాత బయటపడుతుంది, ఇవాళ్టి పని అడిగితే ఏం తెలుస్తుంది? గంజాం నుంచి ఎంతమంది బట్టల మిల్లుల పనికి సూరత్ వెళ్లొచ్చారో నీకు తెలుసు. సూరత్ అనగానే ఆగిపోకు, మగ్గం మీదా, అద్దకం మిల్లులోనా అని అడుగు. చుట్ట తాగుతావా అంటే లేదనే ముసలమ్మ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, తాగుతూ ఉండొచ్చు. బీడీ, చుట్ట, అడ్డపొగ, పళ్లకి రుద్దుకునే పొగాకు గుడాకు విడివిడిగా అడుగు. నీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు, ఆ ల్యాబ్‌లో అందరికీ ఆ అదృష్టం లేదు.

రాత్రి భోజనం మానకు. మీ అమ్మకి తిన్నానని అబద్ధం చెప్పకు, దానికి తెలిసిపోతుంది, తర్వాత నా దగ్గర బాధపడుతుంది.

వెళ్లేలోగా ఒక ఆదివారం రా. రోగుల వివరాల ఫారం తీసుకురా, వృత్తికి ఒకే గడి ఉంటే మార్చి, మొదటి పని దగ్గర్నుంచి వరసగా రాసేలా కొత్తగా గీద్దాం. భోజనం ఇక్కడే.

నీ పెద్దమ్మ
బరంపురం