ఫార్మసీకి పబ్లిక్ హెల్త్ కలిపితే?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఫైనలియర్. ఫార్మసీతో పాటు పబ్లిక్ హెల్త్ ఉంటే మంచి డిమాండ్ అని, అమెరికాలో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయించమని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ), ఎంపీహెచ్ కలిపి చేసే కోర్సు కూడా ఉందట. లోన్‌కి రెడీగా ఉన్నాం. ఇక్కడ మంచిదా, అక్కడా? మా బంధువుల పిల్లలంతా ఇంజినీరింగ్ చేసి సెటిలయ్యారు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అసలు టెన్షన్ మీ చివరి వాక్యంలో ఉంది సార్. బీఫార్మసీలో చేర్పించి పొరపాటు చేశామేమో అన్నదే మీ బెంగ. ఏ పొరపాటూ జరగలేదు. కానీ ఇంత రాశారు, అమ్మాయికి ఏమిష్టమో ఒక్క ముక్క రాయలేదు. రేపు ఆ లోన్ తీర్చాల్సింది తనే కదా!

ముందు కన్సల్టెన్సీ మాట చూద్దాం. ఎంపీహెచ్ చేసినంత మాత్రాన అమెరికాలో ఫార్మసిస్టు అయిపోరు. 2003 నుంచి పాసైనవాళ్లకు అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉంటేనే బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు అక్కడ రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు కూర్చోనిస్తారు. మన బీఫార్మసీ నాలుగేళ్లే. రెండూ కలిపిన కోర్సు ఉన్నమాట నిజమే. అయితే అక్కడ ఫార్మ్‌డీయే మామూలుగా నాలుగేళ్లు, ఎంపీహెచ్ కలిస్తే చాలాచోట్ల ఇంకో ఏడాది. అన్నేళ్లూ డాలర్లలో ఫీజు. లోన్‌కి రెడీ అన్నారు, ఈ లెక్క వేశారా?

ఉత్త ఎంపీహెచ్ మీద కూడా నాకు అనుమానాలున్నాయి. అక్కడ ప్రతి కోర్సుకూ ఒక కోడ్ ఉంటుంది. జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ ఏడాదితో సరి. ఎపిడమాలజీ (జబ్బులు జనంలో ఎలా, ఎందుకు వ్యాపిస్తాయో చూసే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) కోడ్‌లకైతే మరో 24 నెలలు దొరుకుతుంది. ఏ కోడ్ కిందికి వస్తుందో అప్లై చేయకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగండి, వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చాక చూసుకుని లాభం లేదు. పైగా పబ్లిక్ హెల్త్ ఉద్యోగాలు చాలావరకు ప్రభుత్వ నిధుల మీద నడిచేవి. 2025లో ఆ దేశ ఆరోగ్య శాఖ 10,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. బ్రోషర్‌లో ఇవన్నీ వేయరు.

అలాగని ఈ కలయిక పనికిరానిదేం కాదు. మెడికల్ షాపులో షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు అమ్మితే డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎంత ఇచ్చారో అందులో రాసి మూడేళ్లు దాచాలి. మీ అమ్మాయిని ఓసారి ఆ రిజిస్టర్ చూడమనండి. ‘చీటీ లేకుండా పోయిన స్ట్రిప్పుల సంగతేంటి, ఈ బస్తీలోనే ఇది ఇంతెందుకు అమ్ముడవుతోంది’ అని తనకు అనిపిస్తే ఈ చదువు తనదే. విసుగొస్తే ఎంఫార్మసీ ఉండనే ఉంది.

ఇక్కడా, అక్కడా అన్నారు. మన సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో రెండేళ్ల ఎంపీహెచ్ ఉంది. ఖర్చులో అమెరికాతో పోలికే లేదు. నన్నడిగితే ఆ రెండింటికంటే ముందు ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగం. మందులు వాడాక వచ్చిన దుష్ప్రభావాల కేసులు చదివి నమోదు చేసే పని అది. బీఫార్మసీ వాళ్లను తీసుకునే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మొదటి జీతం విని మీ బంధువులు నవ్వితే నవ్వనీయండి. ఏడాదో రెండేళ్లో చేస్తే ఎపిడమాలజీ కావాలో వద్దో తనకే తెలుస్తుంది, అప్లికేషన్‌లో రాయడానికి సొంత కారణమూ దొరుకుతుంది. ఈ వయసులో రెండేళ్లు ఆగితే కొంపలేం మునగవు.

ఇంకా సందేహాలుంటే ఈసారి అమ్మాయినే రాయమనండి.