పాత ఫొటో – ఏ గ్రౌండ్?

ప్రశ్న: ఎస్టేట్ సేల్‌లో అట్టపెట్టెడు పాత బేస్‌బాల్ ఫొటోలు కొన్నాం. ఒక ఫొటో వెనక పెన్సిల్‌తో "పోలో గ్రౌండ్స్, 1936" అని రాసి ఉంది. థర్డ్ బేస్ వైపు స్టాండ్స్‌లోంచి తీసినట్టుంది. రైట్ ఫీల్డ్‌లో (బ్యాటర్‌కి కుడివైపు దూరంగా ఉండే భాగం) పొడవాటి గోడ, దాని మధ్యలో స్కోర్‌బోర్డు, స్కోర్‌బోర్డు అడుగున సన్నగా పొడుగ్గా ఒక ప్రకటన. గోడ పైసగం అంతా వల. వల వెనక వీధిలో బిల్డింగులు, ఒక లైట్ల టవర్ కనిపిస్తున్నాయి. గడ్డి మీద ఎవరిదో గ్లవ్ పడి ఉంది, అదెందుకో అర్థం కాలేదు. ఇది నిజంగా పోలో గ్రౌండ్సేనా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: కాదండీ. ఊరు న్యూయార్కే గానీ గ్రౌండ్ తప్పు, ఏడాదీ తప్పే. మీ చేతిలో ఉన్నది బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్, డాడ్జర్స్ జట్టు సొంత గ్రౌండ్.

వెనక రాసింది ఫొటో తీసినవాడే అయ్యుండాలని రూలేం లేదు. ఎప్పుడో ఆల్బమ్ సర్దుతూ ఎవరో గుర్తున్నంతలో రాసి పడేస్తారు. అందుకే నేను వెనక రాతని అన్నిటికన్నా చివర్న చదువుతాను. మీ ఫొటోలో ఆ లైట్ల టవర్ ఒక్కటి చాలు, ఆ రాతని పక్కన పెట్టడానికి. 1936లో మేజర్ లీగ్ గ్రౌండ్లన్నిటిలో లైట్లున్నది ఒక్క సిన్సినాటిలోని క్రాస్లీ ఫీల్డ్‌కే. అక్కడ మొదటి రాత్రి ఆట 1935 మే 24న జరిగింది. పోలో గ్రౌండ్స్‌కి లైట్లు వచ్చేసరికి 1940 అయింది.

ఇక గ్రౌండ్ సంగతి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, పిచ్చర్ (బంతి విసిరేవాడు) దగ్గర్నుంచి హోమ్ ప్లేట్‌కి (బ్యాటర్ నిలబడే చోటు) 60 అడుగుల 6 అంగుళాలు. ఇవి ఎక్కడైనా ఒకటే, కాబట్టి ఫొటోలో ఆ భాగాన్ని ఎంత చూసినా ప్రయోజనం లేదు. గోడలు మాత్రం అలా కాదు. అప్పటి గ్రౌండ్లు వీధుల మధ్య దొరికిన స్థలంలో ఇరికించి కట్టినవి, ఏ రెండింటికీ ఔట్‌ఫీల్డ్ (బేస్‌ల వెనక గోడ దాకా ఉండే మైదానం) ఒకలా ఉండదు. పోలో గ్రౌండ్స్ స్నానాల తొట్టిలా పొడుగ్గా ఉండేది. రైట్ ఫీల్డ్ లైన్ వెంట 258 అడుగులే, కానీ అక్కడ రెండంతస్తుల స్టాండ్స్ ఉండేవి. వాటి వెనక వీధి ఎక్కడ కనిపిస్తుంది?

ఎబెట్స్ ఫీల్డ్‌లో రైట్ ఫీల్డ్ వైపు స్టాండ్స్ లేవు. గోడ దాటితే బెడ్‌ఫర్డ్ అవెన్యూయే. గోడ కింది భాగం ఏటవాలుగా ఉండేది, బంతి తగిలితే ఎటు పోతుందో చెప్పలేం. స్కోర్‌బోర్డు అడుగున ఉన్న ఆ ప్రకటనని భూతద్దంతో చూడండి. ఏబ్ స్టార్క్ అనే బట్టల వ్యాపారిది అయ్యుండాలి. "ఈ బోర్డుకి కొడితే సూటు ఇస్తాం" అన్నది దాని సారాంశం. నేలకి అంత దగ్గరగా ఉన్న బోర్డు, ముందు రైట్ ఫీల్డర్ కాపలా. సూట్ల ఖర్చు స్టార్క్‌కి పెద్దగా అయ్యుండదు. తర్వాత ఆయన బ్రూక్లిన్ బరో (న్యూయార్క్ నగరంలో ఒక విభాగం) ప్రెసిడెంట్ కూడా అయ్యాడు! స్కోర్‌బోర్డు పైన గడియారం ఉందేమో కూడా చూడండి. 1946 మే 30న బోస్టన్ బ్రేవ్స్ ఆటగాడు బామా రోవెల్ కొట్టిన బంతి ఆ బులోవా కంపెనీ గడియారానికి తగిలి, అద్దం ముక్కలు కింద ఉన్న డాడ్జర్స్ రైట్ ఫీల్డర్ డిక్సీ వాకర్ మీద రాలాయి.

ఏడాది పట్టుకోవడానికి మీకు అర్థం కాని ఆ గ్లవ్వే సాయం చేస్తుంది. అప్పట్లో ఫీల్డింగ్ అయిపోగానే గ్లవ్‌ని గడ్డి మీదే పడేసి బ్యాటింగ్‌కి వెళ్ళిపోయేవారు. 1954 సీజన్ నుంచి రూల్ మార్చి దాన్ని ఆపేశారు. ఎబెట్స్‌లో మొదటి రాత్రి ఆట 1938 జూన్ 15న జరిగింది. కాబట్టి మీ ఫొటో 1938కీ 1953కీ మధ్యది. ఇంకా దగ్గరికి రావాలంటే, తెల్ల డ్రెస్‌లో కెమెరా వైపు తిరిగిన డాడ్జర్ ఎవరైనా ఉన్నాడేమో వెతకండి. 1952 నుంచి వాళ్ళ చొక్కాల ముందువైపు కూడా ఎర్రటి నంబరు వేశారు. నలుపు-తెలుపు ఫొటోలో ఎరుపు తెలియదు గానీ నంబరు ఉందో లేదో తెలిసిపోతుంది. డాడ్జర్స్ 1957 తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయారు, 1960లో గ్రౌండ్ పడగొట్టారు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు.

ప్రశ్న: నా దగ్గరున్న ఫొటోలో గ్రౌండ్ లోపలే, గడ్డి మీద, జెండా స్తంభం పక్కన మూడు రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. సమాధులా అండీ?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: చాలామంది పిల్లలు అలాగే అనుకునేవారట. సమాధులు కావు, స్మారకాలు. అది న్యూయార్క్ యాంకీస్ జట్టు గ్రౌండ్ పాత యాంకీ స్టేడియం, సెంటర్ ఫీల్డ్ (బ్యాటర్‌కి ఎదురుగా దూరంగా ఉండే భాగం). రాళ్ళు లెక్కపెడితే కాలం తెలిసిపోయే గ్రౌండ్ నాకు తెలిసి ఇదొక్కటే. యాంకీస్ మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్‌ది 1932లో, ఆటగాళ్ళు లూ గెరిగ్‌ది 1941లో, బేబ్ రూత్‌ది 1949లో పెట్టారు. మీకు మూడూ కనిపిస్తున్నాయంటే 1949కి ముందుది కాదు. 1973 సీజన్ తర్వాత స్టేడియాన్ని మళ్ళీ కట్టి, రాళ్ళని ఆట జరిగే చోటు నుంచి తీసేశారు. అంతవరకు బంతి అంత దూరం వెళ్తే ఫీల్డర్ ఆ రాళ్ళ మధ్య దూరి తెచ్చుకోవాల్సి వచ్చేది.

ప్రశ్న: బ్యాటర్ బంతి కొట్టి థర్డ్ బేస్ వైపు పరుగెడుతున్నాడు! రైట్ ఫీల్డ్‌లో ప్రకటనలతో నిండిన ఎత్తైన గోడ ఉంది. ఫిలడెల్ఫియాలోని బేకర్ బౌల్ అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఒహైయో

జవాబు: తొందరపడకండి. బంతి కొట్టిన బ్యాటర్ ముందు కుడివైపున్న ఫస్ట్ బేస్‌కే పరుగెత్తాలి, థర్డ్ బేస్ ఉండేది ఎడమవైపు. నెగెటివ్‌ని తిరగేసి ప్రింట్ చేసినట్టున్నారు, పాత ఫొటోల్లో ఇది మామూలే. బేకర్ బౌల్‌కి రైట్ ఫీల్డ్‌లో పెద్ద గోడ ఉన్న మాట నిజమే. కానీ మీ ఫొటోని సరిగ్గా తిప్పితే ఆ గోడ లెఫ్ట్ ఫీల్డ్‌లోకి వస్తుంది, అప్పుడది బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ కావచ్చు. ఫెన్‌వే గోడకి 1947లో ఆకుపచ్చ రంగు వేశారు, అంతకుముందు దాని నిండా ప్రకటనలే. ముందు చొక్కాల మీది అక్షరాలు, గోడ మీది రాతలు తలకిందులు కాకుండా కుడిఎడమలు మారాయేమో చూడండి. మారితే కంప్యూటర్‌లో ఫ్లిప్ చేసి ఇంకోసారి పంపండి, గోడ మీది ప్రకటనలు చదువుదాం.