చార్టుకెక్కే పాట: స్వతంత్ర సంగీతకారుల గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా మిత్రుల్లో ముగ్గురు సొంతంగా పాటలు కట్టి, సొంత ఖర్చుతో రికార్డు చేసి విడుదల చేస్తున్నారు. వారి వెనుక ఏ లేబులూ (రికార్డు కంపెనీ) లేదు. రాబోయే పాటను ఎలాగైనా చార్టులో, అంటే వారంవారం ఎక్కువ ఆదరణ పొందిన పాటల వరుస పట్టికలో, చూడాలని మా కోరిక. విడుదలైన వారమంతా మేము రాత్రింబవళ్లు ఫోన్లలో ఆ పాటనే మోగిస్తూ ఉంటే ఫలితం ఉంటుందా?

జవాబు: ఉండదు సరికదా, ఒక్కోసారి కీడు కూడా జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే చార్టు లెక్క ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. బ్రిటన్‌లో 1952 నవంబరులో తొలి చార్టు వేసినప్పుడు న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికవారు దాదాపు 20 దుకాణాలకు ఫోన్ చేసి, ఏ రికార్డులు బాగా పోతున్నాయో అడిగి పట్టిక రాసుకున్నారు. అమెరికాలో 1991లో బిల్‌బోర్డ్ పత్రిక గల్లాపెట్టె దగ్గర బార్‌కోడ్ చదివే యంత్రాల లెక్కను ఆధారంగా తీసుకోవడం మొదలుపెట్టాక దుకాణదారు నోటిమాటకు కాలం చెల్లింది. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా పాటలు వినిపించే స్ట్రీమింగ్ సంస్థల నుంచి లెక్క నేరుగా అందుతుంది కాబట్టి, ఒకే ఖాతాలో ఒకే పాట ఆగకుండా తిరుగుతున్న సంగతి ఆ లెక్కలోనే బయటపడుతుంది. అలాంటి సంస్థల్లో ఒకటైన స్పాటిఫైలో 30 సెకన్లు విన్న తరువాతే అది ఒక స్ట్రీము అవుతుంది. బ్రిటన్ అధికారిక చార్టయితే ఒక వినియోగదారు ఒక పాటను రోజుకు 10 సార్లకు మించి విన్నా ఆ పై వాటిని లెక్కలోకి తీసుకోదు.

మీ ఉత్సాహాన్ని మరోవైపు మళ్లించండి. అదే బ్రిటన్ చార్టులో కొత్త పాటకు, చందా కట్టి వినేవారి 100 స్ట్రీములు ఒక అమ్మకంతో సమానం. ప్రకటనల మధ్య ఉచితంగా వినేవారివైతే 600 కావాలి. ఈ లెక్కన ఆ దేశంలో ఉన్న 300 మంది అభిమానులు ఆ వారంలో తలా ఒక డౌన్‌లోడు కొంటే, అది 30,000 చందా స్ట్రీములకో, 1,80,000 ఉచిత స్ట్రీములకో సాటి వస్తుంది. వినేవారిని లక్షల్లో పోగుచేయలేని సంగీతకారుడికి నాలుగు వందలమంది నిజమైన అభిమానుల చిరునామాలున్న పట్టిక ఎంత విలువైనదో ఇక్కడే తెలుస్తుంది. ఆ పట్టికను విడుదలకు కొన్ని నెలల ముందునుంచే, ప్రతి కచేరీ తరువాతా పేర్లు రాయించుకుంటూ పెంచడం, విడుదలనాటి ఉదయం అందరికీ ఒకే లింకుతో క్లుప్తమైన సందేశం పంపడం, వారం మధ్యలో మరొక్కసారి మాత్రమే గుర్తుచేయడం మీరు చేయగల అసలైన సహాయం. చార్టు చూసేది ఏడు రోజుల మొత్తాన్నే కాబట్టి, అదే 300 అమ్మకాలు మూడు నెలల్లో విడివిడిగా జరిగితే పట్టికలో వాటి జాడ కూడా కనిపించదు.

ప్రశ్న: చార్టులు చాలా ఉన్నాయంటారు. మొదట దేనికి గురిపెట్టాలి?

జవాబు: మీ శ్రోతలు ఏ దేశంలో, ఏ వేదికమీద ఉన్నారో అక్కడి చార్టుకు. ఒక్కో చార్టు ఒక్కో దాన్ని లెక్కిస్తుంది. అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 అమ్మకాలతో, స్ట్రీములతో పాటు రేడియో ప్రసారాన్నీ కలుపుకుంటుంది. బ్రిటన్ సింగిల్స్ చార్టు రేడియోను అసలు పట్టించుకోదు. రేడియోకు చేరే దారి లేనివారికి ఈ ఒక్క తేడా చాలా పెద్దది. ప్రధాన చార్టు అందనంత ఎత్తులో ఉన్నా, ఒక సంగీత శైలికి పరిమితమైన చార్టులు, స్వతంత్ర లేబుళ్ల చార్టులు ఉన్నాయి. బ్రిటన్‌లో ఇండిపెండెంట్ చార్టు 1980 నుంచీ ఉంది, పెద్ద కంపెనీలకు సగానికి మించి వాటా ఉన్న లేబుళ్లకు 2009 నుంచి అందులో చోటు లేదు. యాపిల్ వారి పాటల దుకాణమైన ఐట్యూన్స్ పట్టికలో ఫలానా దేశంలో మొదటి స్థానమని వచ్చే ప్రకటనలను మాత్రం తూచి చూడండి: అది ఒక్క దుకాణపు తాజా అమ్మకాల జాబితా, రోజులో పలుమార్లు మారుతుంది, డౌన్‌లోడ్లు కొనేవారు తగ్గిపోయిన చోట కొద్దిపాటి కొనుగోళ్లతోనే పైకి చేరవచ్చు. అభిమానులతో పంచుకోవడానికి బాగుంటుంది గాని దాన్ని జాతీయ చార్టుగా చెప్పుకుంటే తెలిసినవారి ముందు పలచనవుతారు.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్‌ను (పాటను స్ట్రీమింగ్ సంస్థలకు చేర్చే సంస్థను) మార్చి పాటను మళ్లీ ఎక్కించాం. అప్పటివరకూ ఉన్న స్ట్రీముల సంఖ్య సున్నాకు పడిపోయింది. ఎందుకు?

జవాబు: రెండోసారి ఎక్కించేటప్పుడు పాటకు కొత్త ఐఎస్‌ఆర్‌సీ కోడ్ పడి ఉంటుంది. ప్రతి రికార్డింగుకూ ఉండే 12 అక్షరాల, అంకెల గుర్తింపు ఇది: మొదటి 2 దేశానికి సంబంధించిన కోడ్, తరువాతి 3 నమోదు చేసుకున్నవారివి, ఆ పై 2 సంవత్సరానివి, చివరి 5 ఆ రికార్డింగు వరుస సంఖ్య. స్ట్రీమింగ్ సంస్థలూ, చార్టు లెక్కలు కట్టేవారూ పాటను గుర్తుపట్టేది ప్రధానంగా దీనితోనే. కోడ్ మారితే యంత్రం దృష్టిలో అది వేరే పాట. డిస్ట్రిబ్యూటర్ తనంతట తానే కోడ్ ఇచ్చే వీలున్నచోట, పాత కోడ్ నమోదు చేసే గడి కూడా ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలితే ఇదే జరుగుతుంది. పాత కోడ్ వెతికి, పాట పేరు, కళాకారుల పేర్ల అక్షరక్రమం, నిడివి ఏమాత్రం తేడా లేకుండా సరిచేసి మళ్లీ పంపండి. పాత ప్రతిని మాత్రం కొత్తది కనిపించేవరకూ తొలగించవద్దు. సాధారణంగా రెండూ కలిసిపోయి పాత సంఖ్య తిరిగివస్తుంది. రీమిక్స్‌కు, కచేరీలో పాడిన రూపానికి మాత్రం కొత్త కోడ్ తీసుకోవడమే పద్ధతి.

ప్రశ్న: ఏ రోజు విడుదల చేయాలి?

జవాబు: శుక్రవారం. 2015 జూలై 10 నుంచి చాలా దేశాలలో కొత్త సంగీతానికి అదే విడుదల దినం, ప్రధాన చార్టుల వారం కూడా అక్కడే మొదలవుతుంది. సోమవారం విడుదల చేస్తే తొలివారంలో మూడు రోజులు చేజేతులా వదులుకున్నట్టే. ఇక ప్లేలిస్టులు (పాటల జాబితాలు) కూర్చే స్పాటిఫై సంపాదకులకు పాటను ముందుగా పరిచయం చేసే సదుపాయం కళాకారుల ఖాతాలోనే ఉంది. విడుదలకు కనీసం 7 రోజుల ముందు పంపితే, ప్లేలిస్టులో చోటు దక్కినా దక్కకపోయినా, మిమ్మల్ని అనుసరించేవారికి కొత్త పాటలు చూపే రిలీజ్ రాడార్‌లో ఆ పాట చేరుతుంది. నా సలహా నాలుగు వారాల ముందు పంపమని. అక్కడ రాసే పరిచయంలో పొగడ్తలు మానేసి, పాటలో ఏ వాద్యాలున్నాయో, ఏ సందర్భంలో పుట్టిందో, ఎవరు వింటారని మీరు అనుకుంటున్నారో నాలుగు వాక్యాల్లో చెప్పండి.

ప్రశ్న: రుసుము చెల్లిస్తే లక్ష స్ట్రీములు, చార్టులో స్థానం ఖాయమని ఒక ప్రచార సంస్థ మాట ఇస్తోంది. నమ్మవచ్చా?

జవాబు: ఖాయమన్న మాట విన్నప్పుడే సంభాషణ ముగించండి. వినేవారి ఇష్టాన్ని ముందే హామీ ఇవ్వడం ఎవరి చేతిలోనూ లేదు. హామీ ఇవ్వగలిగింది యంత్రాల చేత మోగించిన స్ట్రీములకే. అలాంటివి పట్టుబడితే అవి లెక్కలోంచి పోతాయి, రాబడి నిలిచిపోతుంది, పాటనే తొలగించే అవకాశముంది. 2024 నుంచి స్పాటిఫై కృత్రిమ స్ట్రీములు ఎక్కువగా ఉన్న పాటలకు డిస్ట్రిబ్యూటర్ల నుంచి జరిమానా వసూలు చేస్తోంది, ఆ భారాన్ని వారు కళాకారుడి మీదికి నెట్టవచ్చు. నేను కొనలేదు, ఆ సంస్థే చేసిందంటే ఎవరూ వినరు. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో బాట్లతో (తమంతట తామే పాటలు మోగించే ప్రోగ్రాములతో) స్ట్రీములు పెంచి రాయల్టీలు రాబట్టాడన్న అభియోగంతో ఒకరిపై క్రిమినల్ కేసు కూడా నమోదైంది. డబ్బిచ్చి పాట మోగించుకోవడం పాత జబ్బే: సొమ్ము ముట్టిన సంగతి శ్రోతలకు చెప్పకుండా రేడియోలో పాటలు వేయడాన్ని అమెరికా 1960లోనే నేరంగా ప్రకటించింది.

నిజాయితీగల ప్రచారకులూ ఉన్నారు. వారు సంఖ్యలు అమ్మరు. ఏ పత్రికలకు, ఏ రేడియో కార్యక్రమాలకు మీ పాట పంపుతారో పేర్లతో చెబుతారు, తిరస్కరించినవారి జాబితా కూడా చివర్లో ఇస్తారు. ప్రచారం మొదలయ్యాక మీ ఖాతాలోని గణాంకాలను మీరే చూడండి. స్ట్రీములు ఒక్కసారిగా ఎగిసి, పాటను దాచుకున్నవారి సంఖ్య కదలకపోతే, మీరెన్నడూ అడుగుపెట్టని ఒకే నగరం నుంచి మూడొంతులు వస్తుంటే, ఆ రోజే డిస్ట్రిబ్యూటర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ముందుగా తెలిపినవారి మాటకు కొంత విలువ ఉంటుంది.

ప్రశ్న: ఏ కంపెనీ అండా లేకుండా చార్టు పైకి వెళ్లినవారు నిజంగా ఉన్నారా?

జవాబు: ఉన్నారు, కాని ఒంటరిగా వెళ్లినవారు అరుదు. 1994లో అమెరికా గాయని లిసా లోబ్ ఏ లేబులుతోనూ ఒప్పందం లేకుండానే హాట్ 100లో మొదటి స్థానానికి చేరారు. ఆ పాట ఒక సినిమాలో ఉండటం వల్ల దానికి పెద్ద కంపెనీ పంపిణీ దొరికింది. 2013లో అమెరికా ర్యాప్ జంట మాకిల్‌మోర్, ర్యాన్ లూయిస్ తమ సొంత విడుదలతో అదే స్థానం అందుకున్నారు. రేడియో ప్రచారం మాత్రం పెద్ద సంగీత సంస్థ వార్నర్‌కు చెందిన పంపిణీ విభాగానికి అప్పగించారు. ఇందులో తప్పేమీ లేదు, పైగా అనుసరించదగిన పద్ధతి. పాట హక్కులు తమ దగ్గరే ఉంచుకుని, తమకు చేతకాని ఒక్క పనిని రుసుము మీద ఇతరులకు ఇచ్చారు. మీరూ అలా చేసేటట్లయితే ఒప్పందంలో ఏ పని, ఎన్ని నెలలకు, ఏ దేశాలకు అన్నది స్పష్టంగా రాయించండి. రికార్డింగు మీద గాని, పాట రచన మీద గాని వాటా కోరే వాక్యం కనిపిస్తే, అది ఎంత చిన్న అక్షరాల్లో ఉన్నా, సంతకానికి ముందే తీయించండి.