కన్నీటితో షుగర్ తెలుసుకోవచ్చా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. రోజూ వేలికి సూది గుచ్చుకోవాలంటే విసుగు. కంట్లో పెట్టుకునే లెన్సే షుగర్ చెబుతుందని ఒకప్పుడు చదివాను. అది ఏమైంది? ఉల్లిపాయ కోసేటప్పుడు కారే నీళ్లు స్ట్రిప్పు మీద వేసి చూడవచ్చా?

జవాబు: ఉల్లిపాయ ఆలోచన సరదాగా ఉంది, కానీ ఆ పని చేయకండి. రక్తంలో గ్లూకోజు పరగడుపున డెసీలీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల మధ్య ఉంటే, కన్నీటిలో సాధారణంగా అందులో పదో వంతు కూడా ఉండదు. చాలా మీటర్లు 20కి దిగువన అంకె చూపవు, ‘లో’ అంటాయి. అది చూసి కంగారుపడి మీరు చక్కెర తింటే, అసలుకే మోసం!

లేబొరేటరీలో నేను సన్నని గాజు గొట్టంతో కన్నీరు సేకరించేదాన్ని. ఒక కంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది 7 మైక్రోలీటర్లే, అంటే మందు చుక్కలో చిన్న భాగం. దాన్ని తీసేటప్పుడు కంటికి ఒరిపిడి తగిలిందా, పైపొర కణాల్లోని గ్లూకోజు కూడా అందులోకి చేరి లెక్క పెరుగుతుంది. వడపోత కాగితంతో తీస్తే ఈ బెడద మరీ ఎక్కువ. ఘాటుకు ఉబికే నీళ్లకూ, కంటిని ఎప్పుడూ తడిగా ఉంచే పలుచని పొరకూ గ్లూకోజులో పొంతన ఉండదు. పైగా రక్తంలో మార్పు కన్నీటిలో ఆలస్యంగా కనబడుతుంది. షుగర్ గబగబా పడిపోతున్నప్పుడు ఆ ఆలస్యమే ప్రమాదం.

మీరు చదివిన లెన్సు గూగుల్‌ది. 2014 జనవరిలో ప్రకటించారు; అదే ఏడాది మందుల కంపెనీ నోవార్టిస్ వారి కంటి విభాగం ఆల్కాన్ చేయి కలిపింది. లెన్సు పొరల మధ్య చిప్పు, వెంట్రుక కన్నా సన్నని యాంటెన్నా అమర్చారు. 2018 నవంబరులో ఆ పని చూస్తున్న వెరిలీ సంస్థ దాన్ని నిలిపివేసింది. కన్నీటి గ్లూకోజుకూ రక్తంలోని గ్లూకోజుకూ నమ్మదగిన సంబంధం దొరకలేదని చెప్పింది. ఆర్భాటంగా మొదలుపెట్టిన పని కుదరలేదని బహిరంగంగా ఒప్పుకునేవారు అరుదు, అందుకు వారిని మెచ్చుకుంటాను.

చర్మం కింద సన్నని తీగతో కొలిచే సెన్సర్లు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. వాటి లెక్క కూడా రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకే ఉంటుంది, కానీ ఆధారపడదగినవి. మీకు తగునో లేదో డాక్టరును అడగండి. అంతవరకు వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చుకోండి, నొప్పి తక్కువ. ప్రతిసారీ వేలు మార్చండి, సూది కూడా.