డిపాజిట్ కట్టే ముందు పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) తీసి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ. రైల్వేలో పనిచేసి ఏడాదిన్నర క్రితం రిటైరయ్యాను. నాకు 62 ఏళ్లు. పెళ్లి కాని మా అబ్బాయికి 34 ఏళ్లు. రెండున్నరేళ్ల క్రితం బైకు ప్రమాదంలో తలకు బలమైన గాయమైంది. నడుస్తాడు, మాట్లాడతాడు, కానీ మందులు వేసుకోవడం గుర్తుండదు, చేతిలో డబ్బు నిలవదు, ఉన్నట్టుండి కోపం వస్తుంది. ఉద్యోగం చేసే స్థితిలో లేడు. పరిహారం కేసు ట్రైబ్యునల్‌లో ఉంది. ఒక సంరక్షణ కేంద్రం వారు నెలకు రూ.35,000 చొప్పున గానీ, ఒకేసారి రూ.45 లక్షలు గానీ కడితే చూసుకుంటామని, ఒకేసారి కడితే అది జీవితాంతానికి సరిపోతుందని అంటున్నారు. నా పెన్షన్ కమ్యుటేషన్ (కొంత భాగం ముందే ఒకేసారి తీసుకున్నందుకు పడే) కోతకు ముందు, డీఆర్‌తో (ధరలను బట్టి పెరిగే కరవు భృతితో) కలిపి రూ.50,000. ఉన్న ఇల్లు కాక మరో ఫ్లాట్ మీద నెలకు రూ.16,000 అద్దె వస్తోంది. ఆ ఫ్లాట్ అమ్మి డిపాజిట్ కట్టమంటారా? మా అమ్మాయి పుణెలో ఉంటుంది.

జవాబు: కట్టవద్దు. నెలకు రూ.35,000 అంటే ఏడాదికి రూ.4.2 లక్షలు. పన్ను పోగా మిగిలే వడ్డీ, ఏటా పెరిగే ఫీజు ఇంచుమించు సమానమనుకుంటే, రూ.45 లక్షలు పదకొండేళ్లకు కూడా చాలవు. మీ అబ్బాయికి మరో నలభై ఏళ్ల జీవితం ఉందనుకుంటే, అదే లెక్కన నేటి విలువలో రూ.1.68 కోట్ల సేవను వారు నాలుగో వంతు ధరకు ఇస్తామంటున్నారన్నమాట. ఆ తేడాను తర్వాత చేరేవారి డిపాజిట్లతో పూడ్చడం తప్ప నాకు వేరే మార్గం కనిపించడం లేదు. కొత్తవారు రావడం ఆగిననాడు మీ అబ్బాయి పరిస్థితి ఏమిటో వారిని అడగండి.

మీ అబ్బాయికి సంబంధించినంతవరకు మీ దగ్గరున్న అతి విలువైన ఆస్తి ఫ్లాట్ కాదు, మీ ఫ్యామిలీ పెన్షన్. సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి, మీ దంపతుల తదనంతరం, అది జీవితాంతం అందుతుంది. సాధారణ రేటు చివరి జీతంలో 30 శాతం. మీ పెన్షన్ 50 శాతం కనుక నేటి లెక్కలో సుమారు రూ.30,000 అవుతుంది, డీఆర్‌తో పాటు పెరుగుతూ పోతుంది. ఇంతటి హామీని బజారులో ఏ పథకమూ అమ్మదు. అబ్బాయి పేరును మీరు ఉండగానే పీపీఓలో చేర్పించండి. పెన్షన్‌ను అతని తరఫున అందుకోవలసిన వ్యక్తిగా అమ్మాయిని నామినేట్ చేసే వీలు గురించి కూడా అదే కార్యాలయంలో అడగండి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2021 నాటి కేంద్ర ఉత్తర్వుల ప్రకారం అతని ఇతర ఆదాయం ఆ ఫ్యామిలీ పెన్షన్ కంటే తక్కువగా ఉండాలి. పరిహారంగా వచ్చే సొమ్ములో రూ.30 లక్షలు అతని పేరిట 7 శాతం వడ్డీకి ఉంటే నెలకు రూ.17,500 వస్తుంది, ప్రేమకొద్దీ ఫ్లాట్ కూడా అతని పేరిట రాస్తే, అద్దెతో కలిపి ఆదాయం రూ.33,500 అయి పరిమితి దాటిపోతుంది. అందువల్ల ఫ్లాట్‌ను వీలునామా ద్వారా ఏర్పడే ట్రస్టుకు ఇవ్వడం మేలు. ట్రస్టీలుగా అమ్మాయితో పాటు మరొకరు ఉండాలి, సంరక్షణ కేంద్రానికి సంబంధించినవారు మాత్రం ఉండకూడదు. ట్రస్టు నుంచి అతనికి వచ్చేది ఏ మేరకు అతని ఆదాయంగా లెక్కకొస్తుందో పత్రం రాయించే ముందే న్యాయవాదితోను, పెన్షన్ కార్యాలయంతోను తేల్చుకోండి. అబ్బాయి చేత పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. ఇచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే మన చట్టంలో అది రద్దవుతుంది కనుక దానినే నమ్ముకోవద్దు.

ట్రైబ్యునల్ కేసులో సహాయకుడి ఖర్చును విడిగా అడిగారో లేదో చూడండి. మెదడు దెబ్బతిన్న బాలిక కేసులో (కాజల్, 2020) సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకుల ఖర్చుకు మల్టిప్లయర్ పద్ధతిని (ఏడాది ఖర్చును వయసును బట్టి ఉండే ఒక సంఖ్యతో గుణించే లెక్కను) వర్తింపజేసింది. ప్రమాదంనాటికి మీ అబ్బాయికి 31 ఏళ్లు కనుక మల్టిప్లయర్ 16, నెలకు రూ.15,000 చొప్పున రూ.28.8 లక్షలు అవుతుంది. నడిచే మనిషికి సహాయకుడెందుకన్న ప్రశ్న తప్పక వస్తుంది. జ్ఞాపకశక్తి, నిర్ణయశక్తి ఏ మేరకు దెబ్బతిన్నాయో తేల్చే న్యూరోసైకాలజీ పరీక్ష నివేదికే దానికి జవాబు. సదరం (వైకల్య) ధ్రువపత్రానికీ అది పనికొస్తుంది. కాళ్లూ చేతులూ మాత్రమే చూస్తే శాతం తక్కువ పడుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే ఆ పత్రంతో మీకు రూ.75,000, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే రూ.1,25,000 మినహాయింపు లభిస్తుంది. అబ్బాయి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) సభ్యుడై ఉండి ఉంటే, దాని పెన్షన్ పథకమైన ఈపీఎస్‌లో వైకల్య పెన్షన్‌కూ దరఖాస్తు చేయండి.

ఇక అతను ఎక్కడ ఉండాలన్నది. మీరు చెప్పినదాన్నిబట్టి అతనికి కావలసింది నర్సింగ్ కాదు. వేళకు గుర్తుచేస్తూ, డబ్బు విషయంలో ఒక కన్నేసి ఉంచే మనిషి. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల మధ్య ముప్పై నాలుగేళ్ల వ్యక్తిని ఉంచే కేంద్రమైతే ఎంత చౌక అయినా నేను సిఫారసు చేయను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద ఆ కేంద్రానికి నమోదు పత్రం ఉంటే, అబ్బాయి కూడా చూసి ఒప్పుకుంటే, నెలవారీ ఫీజు మీద ఆరు నెలలు ఉంచి చూడండి. అది కుదరకపోతే, అద్దెకిచ్చిన ఫ్లాట్‌నే ఖాళీ చేయించి, ఇలాంటి అవసరమే ఉన్న మరొకరితో కలిసి ఒక సహాయకుడి జీతం పంచుకుంటూ అతన్ని అక్కడ ఉంచే వీలుంది. ఫ్లాట్ అమ్మవద్దనడానికి ఇదీ ఒక కారణం. ఈ ప్రయత్నం మీరిద్దరూ ఓపికగా ఉన్న ఈ రోజుల్లోనే మొదలుపెడితే అసలు ఖర్చెంతో తెలుస్తుంది. వీలునామాలో ట్రస్టుకు ఫ్లాట్‌తో పాటు ఇంకెంత సొమ్ము కేటాయించాలో అప్పుడు ఆ అంకెను బట్టి నిర్ణయించుకోవచ్చు.